మందు ఇద్దరికీ

ఈ పూట నేను ఎత్తుకున్న విషయం వినగానే రేడియో సౌండు తగ్గించాలని కొందరికి అనిపించవచ్చు. పక్క గదిలో మామగారున్నారనో, కాలేజీకెళ్లే అమ్మాయి వింటోందనో మొహమాటపడవచ్చు. తగ్గించకండి. ఆ అమ్మాయి తెలుసుకోవలసిన సంగతే ఇది. మామగారు విన్నా మంచిదే.

క్లమిడియా అనే ఇన్‌ఫెక్షన్ గురించి చెబుతాను. ఎయిడ్స్ పేరు మన పల్లెల్లో బడిపిల్లలకి కూడా తెలుసు. సవాయి, సెగవ్యాధి అంటే పెద్దవాళ్లు ఇప్పటికీ గుర్తుపడతారు. క్లమిడియా మాట మాత్రం డాక్టరు గదిలో కూడా అరుదుగానే వినపడుతుంది. అలాగని అది అరుదైన జబ్బేమీ కాదు. 2020లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసువాళ్లలో ఇది కొత్తగా దాదాపు 12 కోట్ల 90 లక్షల సార్లు సోకిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. లైంగిక సంబంధం వల్ల సోకే బాక్టీరియా జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే.

ఎలా సోకుతుందో ముందే చెప్పేస్తాను, అనుమానాలు మిగలకుండా. ఇది కలయిక వల్ల సోకుతుంది. కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. బాత్రూముల వల్ల రాదు. ఒకే తువ్వాలు వాడినా, ఒకే కంచంలో తిన్నా రాదు. వేడి చేయడం వల్ల అసలే రాదు. ఈ వేడి సంగతి ఎందుకెత్తానంటే, తెల్లబట్ట అవుతోందన్నా, మూత్రంలో మంటన్నా మన ఇళ్లలో మొదట వచ్చే మాట 'వేడి చేసుంటుందిలే' అని. సబ్జా నీళ్లు తాగిస్తారు, కొబ్బరిబోండాం తెప్పిస్తారు. మంట కాస్త తగ్గినట్టే ఉంటుంది. లోపల క్రిమి మాత్రం అలాగే ఉంటుంది.

ఈ బాక్టీరియా తనంతట తాను బతకలేదు. మన కణంలోకి దూరి, అక్కడున్న శక్తినే వాడుకుని పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో కణం నిండా పెరిగి, బయటపడి పక్క కణాల్లోకి చేరుతుంది. ఇలా కణం లోపలే ఉండి పెరగడం వల్ల దీన్ని చాలాకాలం వైరస్ అనే అనుకున్నారు. 1907లో జావా దీవిలో హాల్బర్‌స్టాటర్, ప్రోవాజెక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కంటి జబ్బు ఉన్నవాళ్ల రెప్పల నుంచి తీసిన పదార్థాన్ని ఒరాంగుటాన్‌ల కళ్లకు పూసి, వాటి కణాలను మైక్రోస్కోపులో చూసినప్పుడు ఇది మొదటిసారి కనిపించింది. దీన్ని విడిగా పెంచి చూపించడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. ఆ పని చేసింది చైనాలో ట్యాంగ్ ఫీఫాన్ అనే శాస్త్రజ్ఞుడు, కోడిగుడ్డు పచ్చసొన సంచిలో పెంచి.

కంటి జబ్బు అన్నాను కదా, దాని పేరు ట్రకోమా. రెప్ప లోపల గరుకు లేచి, వెంట్రుకలు లోపలికి తిరిగి కనుగుడ్డును రాసుకుని, చివరికి చూపు పోతుంది. ట్రకోమా చేసేదీ, ఇవాళ మనం మాట్లాడుకుంటున్న ఇన్‌ఫెక్షన్ చేసేదీ ఒకే జాతి క్రిమి. కంటికి పట్టే రకాలు వేరు, జననాంగాలకు పట్టే రకాలు వేరు, అంతే. ట్రకోమా మీద మన దేశం 1963లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 2024 అక్టోబరులో, అది ఇక మన దేశంలో ప్రజారోగ్య సమస్య కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇది గర్వపడవలసిన విజయం. కానీ ఆ జాతికే చెందిన క్రిమి ఆడవాళ్ల కడుపులో చేస్తున్న నష్టం గురించి అందులో పదో వంతు శ్రద్ధ కూడా మనకు లేదు. కళ్లు ఎర్రబడితే నలుగురికీ చెప్పుకుంటాం, బొడ్డు కింద ఏం జరిగినా చెప్పుకోం. తేడా అక్కడే వచ్చిందని నా నమ్మకం.

క్లమిడియాతో ఉన్న పెద్ద చిక్కు అది చప్పుడు చేయకపోవడం. సోకిన ఆడవాళ్లలో నూటికి డెబ్బై మందికి, ఇంకా ఎక్కువ మందికే అనవచ్చు, ఏ లక్షణమూ ఉండదు. మగవాళ్లలో సుమారు సగం మందికి ఉండదు. కొందరిలో అది ఏడాదిలోగా దానంతటదే పోతుంది కూడా. ఎవరిలో పోతుందో, ఎవరిలో ఉండిపోయి పైకి పాకుతుందో ముందుగా చెప్పే సాధనం మాత్రం లేదు.

పైకి పాకడం అంటే ఎక్కడికో చెప్పాలి. గర్భసంచికి అటొకటి ఇటొకటి రెండు నాళాలుంటాయి. పుస్తకాల్లో అండవాహికలని రాస్తారు, ఆస్పత్రిలో మేం డాక్టర్లం ట్యూబులనే అంటాం. ఒక్కోటి పది పన్నెండు సెంటీమీటర్ల పొడవు. గర్భసంచికి దగ్గరగా లోపలి దారి ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. రెండో చివర కుచ్చులుంటాయి. నెలనెలా విడుదలయ్యే అండాన్ని ఆ కుచ్చులే లోపలికి తీసుకుంటాయి. చాలామంది అనుకున్నట్టు వీర్యకణం అండాన్ని కలిసేది గర్భసంచిలో కాదు, ఈ ట్యూబులోనే. కలిశాక ఏర్పడిన పిండం గర్భసంచికి చేరడానికి నాలుగైదు రోజులు పడుతుంది. దానికి కాళ్లూ లేవు, తోకా లేదు. దాన్ని నడిపించేది ట్యూబు లోపలి గోడ మీదుండే, కంటికి ఆనని నూగు. గాలికి వరిచేనంతా ఒకే వైపు ఊగినట్టు ఆ నూగంతా గర్భసంచి వైపు ఊగుతూ పిండాన్ని ముందుకు తీసుకుపోతుంది. ఇంత సున్నితమైన ఏర్పాటు మన ఒంట్లో ఇంకెక్కడైనా ఉందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

క్లమిడియా గర్భసంచి మూతి దగ్గర మొదలవుతుంది. చిన్న వయసులో ఆ మూతి మీది కణాలు ఈ క్రిమికి ఎక్కువ అనువుగా ఉంటాయి, అందుకే పాతికేళ్లలోపు అమ్మాయిలకు ఇది తొందరగా అంటుకుంటుంది. వైద్యం అందకపోతే సుమారు నూటికి పది పదిహేను మందిలో అక్కడినుంచి గర్భసంచిలోకి, ట్యూబుల్లోకి ఎక్కుతుందని అంచనా. అలా ఎక్కి వాపు రావడాన్ని పెల్విక్ ఇన్‌ఫ్లమేటరీ డిసీజ్ అంటాం, పొట్టిగా పీఐడీ. క్రిమి నేరుగా చేసే హాని కన్నా, దాన్ని తరిమేయడానికి మన శరీరం పడే పాట్లలో జరిగే హానే ఎక్కువ. వాచిన చోట మచ్చ కడుతుంది. నూగు రాలిపోతుంది. కుచ్చులు ఒకదానికొకటి అంటుకుని ట్యూబు నోరు మూసుకుపోతుంది. మూసుకుపోయిన ట్యూబులో నీరు చేరి ఉబ్బుతుంది. అప్పుడు మందు వాడితే క్రిమి చచ్చిపోతుంది, మచ్చ మాత్రం మిగిలిపోతుంది. మచ్చను కరిగించే మాత్ర ఇప్పటికి ఎవరి దగ్గరా లేదు.

స్వీడన్‌లో లుండ్ అనే నగరం ఉంది. అక్కడ వెస్ట్‌రోమ్ అనే వైద్యుడు, ఆయన బృందం 1960 నుంచి 1984 దాకా పీఐడీ అనుమానంతో వచ్చిన ఆడవాళ్లకు కడుపులోకి కెమెరా గొట్టం పంపి చూసే లాప్రోస్కోపీ చేశారు, తర్వాత ఏళ్ల తరబడి వాళ్ల మంచిచెడ్డలు కనుక్కుంటూ వచ్చారు. 1992లో అచ్చైన లెక్కలు చెబుతాను, జాగ్రత్తగా వినండి. పీఐడీ ఒక్కసారి వచ్చిన వాళ్లలో ట్యూబులు దెబ్బతిని పిల్లలు పుట్టనివాళ్లు నూటికి 8 మంది. రెండుసార్లు వచ్చిన వాళ్లలో దాదాపు 20 మంది. మూడుసార్లు, ఆపైన వచ్చిన వాళ్లలో 40 మంది. ఆ వాపుల్లో క్లమిడియా వల్ల వచ్చినవీ, గనేరియా (సెగవ్యాధి) వల్ల వచ్చినవీ కూడా ఉన్నాయి. ఆ ఆడవాళ్లలో కొందరి వివరాలను 1993లో మళ్లీ పరిశీలించినప్పుడు ఇంకొకటి తేలింది. నొప్పి మొదలై మూడు రోజులు దాటాక వైద్యానికి వచ్చినవాళ్లలో, వెంటనే వచ్చినవాళ్ల కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ మందికి పిల్లలు పుట్టకపోవడమో, ట్యూబులో గర్భం రావడమో జరిగింది.

ఎనిమిది, ఇరవై, నలభై. ఈ మూడు అంకెల్లో నాకు కనిపించేదేమిటంటే, ఒకసారి సోకడం కన్నా మళ్లీ మళ్లీ సోకడం చాలా ఎక్కువ ప్రమాదం. మళ్లీ మళ్లీ ఎక్కడినుంచి సోకుతుంది? మన సమాజంలో చాలావరకు ఇంట్లో నుంచే, వైద్యం చేయించుకోని భర్త నుంచే.

పిల్లల కోసం వచ్చిన ఒక జంట సంగతి చెబుతాను. ఊరూ పేరూ అక్కర్లేదు. ఆమెకు ఇరవై ఏడేళ్లు, పెళ్లై ఐదేళ్లు. తోడుగా అత్తగారు వచ్చారు. బట్టల షాపు కవరు నిండా రిపోర్టులు. 'మా వాడికేం లోపం లేదు మేడం, టెస్టు చేయించాం, కౌంటు బాగుందన్నారు' అని అత్తగారు కూర్చోకముందే చెప్పారు. ఆ అమ్మాయి తల వంచుకునే ఉంది. రిపోర్టులు ఒక్కొక్కటే తీసి తేదీల వరసలో పెట్టాను. వాటిలో మూత్ర పరీక్షలు నాలుగు, రెండేళ్ల మీద చేయించినవి. నాలుగింటిలోనూ చీము కణాలు ఎక్కువున్నాయి. కల్చర్ చేసిన వాటిలో మాత్రం 'ఏమీ పెరగలేదు' అని ఉంది. ప్రతిసారీ ఎవరో యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని ఐదు రోజుల మాత్రలు రాశారు. క్లమిడియా మామూలు కల్చర్‌లో పెరగదు. చీము కణాలుండి కల్చర్ ఖాళీగా వచ్చిందంటే, పెళ్లైన అమ్మాయి విషయంలో ఈ జబ్బు గుర్తుకు రావాలి. నాలుగు కాగితాల మీదా అది కనపడుతూనే ఉంది.

హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే తీశాం. గర్భసంచిలోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే అది. గర్భసంచి తెల్లగా, చక్కగా నిండింది. కుడి ట్యూబులోకి మందు కాస్త పోయి ఆగిపోయింది. ఎడమ ట్యూబు చివర సంచిలా ఉబ్బి కనిపించింది. రెండు పక్కలా ఒక్క చుక్క బయట పడలేదు. మన దేశంలో ట్యూబులు మూసుకుపోవడానికి క్షయ కూడా పెద్ద కారణం, కాబట్టి ఆ పరీక్షలు చేయించాం. లేదని తేలింది. లాప్రోస్కోపీలో కాలేయానికీ పొట్ట గోడకీ మధ్య సన్నని పోగులు సాగి ఉన్నాయి. 1930ల్లో కర్టిస్, ఫిట్జ్-హ్యూ అనే ఇద్దరు వైద్యులు రాసిపెట్టిన గుర్తు అది, ట్యూబుల ఇన్‌ఫెక్షన్ ఒకప్పుడు కాలేయం దాకా పాకిందని చెప్పే గుర్తు.

భర్తను విడిగా కూర్చోబెట్టి అడిగాను. పెళ్లైన కొత్తలో మూత్రానికెళ్తే మంటగా ఉండేదన్నాడు. మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకున్నాడు, తగ్గిపోయింది. భార్యకు చెప్పలేదు. 'చెప్పాల్సిన విషయమనుకోలేదు మేడం' అన్నాడు. అతను చెడ్డవాడు కాడు. ఆ మాటన్నాక చాలాసేపు ఎక్స్‌రే ఫిల్ము వైపే చూస్తూ కూర్చున్నాడు. అతని వీర్య పరీక్షలో కౌంటు నిజంగానే బాగుంది. కౌంటు బాగుండటానికీ, క్రిమి ఉండటానికీ సంబంధం లేదన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. ఐదేళ్లుగా ఉపవాసాలూ, మొక్కులూ, మాటలు పడటమూ అన్నీ ఆ అమ్మాయే చేసింది.

అలాంటి వాళ్లకు మేం చివరికి చెప్పేది ఐవీఎఫ్. ఆ పద్ధతి పుట్టిందే మూసుకుపోయిన ట్యూబుల కోసం. 1978లో ఇంగ్లండులో పుట్టిన మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ లూయీస్ బ్రౌన్ తల్లికి ఉన్న ఇబ్బంది అదే. ఇవాళ మన జిల్లా కేంద్రాల్లో కూడా ఐవీఎఫ్ సెంటర్లున్నాయి. ఉన్నంత మాత్రాన అందరికీ అందుతుందా? ఒక్క ప్రయత్నానికే లక్షల్లో ఖర్చు, అదీ ఫలిస్తుందన్న హామీ లేదు. నీరు నిండిన ట్యూబు ఉంటే ముందు ఆపరేషన్ చేసి దాన్ని తీసేయాల్సి వస్తుంది. మొదట్లో వంద రూపాయలు కూడా కాని మందుతో పోయే జబ్బు, పొలం అమ్ముకునేదాకా తీసుకొస్తుంది. చెబుతుంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ట్యూబు పూర్తిగా మూసుకుపోకుండా సగం దెబ్బతింటే ఇంకో ప్రమాదం. పిండం ముందుకు కదల్లేక ట్యూబులోనే నాటుకుంటుంది. అది పెరిగేకొద్దీ ట్యూబు సాగి పగిలిపోతుంది, చాలాసార్లు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య. కడుపులోకి రక్తం కారి ప్రాణం మీదికి వస్తుంది. నెల తప్పి, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి, కొద్దికొద్దిగా రక్తం కనపడటం, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి ఉంటే ఒక్క గంట కూడా ఆలస్యం చేయకండి. అప్పుడు నెలసరి నొప్పిలే అనుకుని పడుకోబెట్టకూడదు. 108కి ఫోన్ చేయండి. తొందరగా కనిపెడితే మందు ఇంజెక్షన్‌తోనే తగ్గే వీలుంది. పగిలాక వస్తే ఆపరేషన్ తప్పదు.

ఇక తెల్లబట్ట. దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే మన రెండు తెలుగు రాష్ట్రాల్లో దీని చుట్టూ ఒక అన్యాయం జరుగుతోంది. మొదట చెప్పవలసింది, తెల్లబట్ట అంతా జబ్బు కాదు. రెండు నెలసరుల మధ్య రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా జారుగా ఉండేది అండం విడుదలైందనడానికి గుర్తు. గర్భంతో ఉన్నప్పుడు, నెలసరికి ముందు కాస్త ఎక్కువ కావడం మామూలే. పసుపు రంగుకు మారినా, వాసన వచ్చినా, దురద ఉన్నా అప్పుడు చూపించుకోవాలి. వాటిలో కూడా ఎక్కువ భాగం క్లమిడియా కాదు, వేరే చిన్న ఇన్‌ఫెక్షన్లు. క్లమిడియా గుర్తు చేసుకోవలసిన లక్షణాలు ఇంకొన్ని ఉన్నాయి. కలయిక తర్వాత రక్తం కనపడటం, నెలసరికీ నెలసరికీ మధ్య చుక్కలు చుక్కలుగా కావడం, కలయికలో లోపల నొప్పి, మూత్రంలో మంట, పొత్తికడుపు నొప్పితో జ్వరం.

వీటిలో ఏది ఉన్నా గర్భసంచి తీసేయడం జవాబు కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి ముగ్గురు చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో అది 8.9, తెలంగాణలో 7.7. ఆ లెక్కల్లో దేశంలో మనమే ముందున్నాం. వీళ్లలో నిజంగా అవసరమై చేయించుకున్నవాళ్లున్నారు, అధిక రక్తస్రావంతో, గడ్డలతో నలిగిపోయినవాళ్లు. కానీ తెల్లబట్ట అవుతోందని, నడుము లాగుతోందని, 'వదిలేస్తే క్యాన్సర్ అవుతుంది' అని భయపెట్టి ముప్పై ఏళ్లకే చేసిన ఆపరేషన్లు ఎన్నో. కూలికెళ్లే ఆడవాళ్లు 'పిల్లలు పుట్టేశారు కదా, సంచితో ఇంక పనేముంది' అని వాళ్లంతట వాళ్లే అడిగేదాకా వచ్చింది. పనుంది. సంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగిన శరీరమవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, గుండెకు ముప్పు పెరుగుతుంది. ఇలాంటి అనవసర ఆపరేషన్లను ఆపేందుకు మార్గదర్శకాలు అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఇన్‌ఫెక్షన్‌కు వాడాల్సింది మాత్రలు. ఏడు రోజుల మాత్రలతో పోయేదానికి ఎవరైనా సంచి తీయాలంటే, ఇంకో డాక్టరుకు చూపించుకోకుండా సంతకం పెట్టకండి.

పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను. స్కానింగులో క్లమిడియా కనపడదు, పాప్ స్మియర్‌లో తేలదు. దీనికి న్యాట్ అనే పరీక్ష కావాలి. కరోనా రోజుల్లో ముక్కులో పుల్ల పెట్టి చేసిన పీసీఆర్ ఈ కోవలోదే. ఇక్కడ యోనిలో నుంచి పుల్లతో నమూనా తీస్తారు. మీ అంతట మీరే తీసి ఇచ్చినా సరిపోతుంది, ఫలితం తేడా రాదు. మగవాళ్లకు మూత్రం చాలు. పెద్ద ల్యాబుల్లో దొరుకుతుంది, కానీ ఖర్చు ఎక్కువ, చిన్న ఊళ్లలో దొరకదు.

అందుకే మన ప్రభుత్వాస్పత్రుల్లో లక్షణాలను బట్టి మందు ఇచ్చే పద్ధతి నడుస్తోంది. జిల్లా ఆస్పత్రుల్లో, మెడికల్ కాలేజీల్లో సురక్ష క్లినిక్ అనే బోర్డుంటుంది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఆ క్లినిక్‌లలో రంగురంగుల కిట్లలో మందులు ఉచితంగా ఇస్తూ వచ్చారు. గర్భసంచి మూతి వాపుకు బూడిద రంగు కిట్, పొత్తికడుపు నొప్పికి పసుపు రంగు కిట్. ఈ పద్ధతిని నేను తక్కువ చేయను. ల్యాబు లేని చోట ఎన్నో వేలమందిని ఆదుకున్నది ఇదే. కానీ దాని లోటు కూడా చెప్పాలి. లక్షణం ఉంటేనే మందు. క్లమిడియా ఉన్న ఆడవాళ్లలో ఎక్కువ మందికి లక్షణమే లేదు కదా. వాళ్లు ఏ క్లినిక్ మెట్లూ ఎక్కరు.

వేరే దేశాలు ఈ చిక్కును వేరేలా ఎదుర్కొన్నాయి. అమెరికాలో పాతికేళ్లలోపు, లైంగిక జీవితం మొదలైన ప్రతి అమ్మాయికీ ఏడాదికోసారి పరీక్ష చేయమని సిఫార్సు. ఇంగ్లండు 2003లోనే దీనికి ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. సియాటిల్‌లో చేసి 1996లో ప్రచురించిన ఒక పరిశోధనలో, పిలిచి పరీక్ష చేసిన వాళ్లలో పీఐడీ సగానికి పైగా తగ్గింది. తర్వాత లండన్‌లో చేసిన దాంట్లో అంత స్పష్టమైన లాభం కనపడలేదు. కాబట్టి ఊరందరికీ పరీక్షలు పెట్టాలని నేను అనడం లేదు. పిల్లలు కావడం లేదని వచ్చిన ప్రతి జంటకూ, కాపర్ టీ వేసే ముందు, అబార్షన్ చేసే ముందు, గర్భిణుల్లో అనుమానం ఉన్నవాళ్లకూ చేయాలన్నది నా అభిప్రాయం. గర్భిణులకు హెచ్ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మామూలుగా చేస్తున్నాం, క్లమిడియాది ఆ జాబితాలో లేదు. తల్లికి ఉంటే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం పెరుగుతుంది. బిడ్డకు పుట్టిన ఐదు నుంచి పన్నెండు రోజుల మధ్య కళ్లు పుసికట్టి వాస్తాయి, ఒకటి నుంచి మూడు నెలల వయసులో న్యుమోనియా రావచ్చు. పసిబిడ్డకు కళ్లు పుసికడితే చనుబాలు పిండి ఊరుకోకుండా డాక్టరుకు చూపించండి.

పెళ్లికాని అమ్మాయిల మాట కూడా చెప్పాలి. హైదరాబాదులోనో విశాఖలోనో హాస్టల్లో ఉండి చదువుకునే, ఉద్యోగం చేసుకునే అమ్మాయి పొత్తికడుపు నొప్పితో వస్తే డాక్టరు మొదట అడిగేది 'పెళ్లైందా?' అని. కాలేదంటే ఆ దారిలో ప్రశ్నలు అక్కడితో ఆగిపోతాయి. అపెండిక్స్ అని స్కానింగుకు పంపుతారు. నా తోటి వైద్యులకు నేను చెప్పేది, పెళ్లి సంగతి కాదు, కలయిక సంగతి అడగాలి, తల్లిని కాసేపు బయట కూర్చోమని అడగాలి. గొంతులో జాలి గానీ, తీర్పు గానీ లేకుండా అడగాలి. అమ్మాయిలకు చెప్పేది, డాక్టరు అడక్కపోతే మీరే చెప్పండి. కండోమ్ వాడితే ఈ ప్రమాదం చాలావరకు తగ్గుతుందన్నది కూడా గుర్తుంచుకోండి.

మందు విషయానికి వస్తే, డాక్సీసైక్లిన్ మాత్రలు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని, వెంటనే నడుం వాల్చకుండా కూర్చోవాలి, లేదంటే గొంతులో పుండు పడుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకోకూడదు. గర్భిణులు డాక్సీసైక్లిన్ వాడకూడదు, వాళ్లకు అజిత్రోమైసిన్ ఒకే మోతాదు ఇస్తాం, నెల తర్వాత పోయిందో లేదో మళ్లీ చూస్తాం. ట్యూబుల దాకా పాకితే రెండు వారాల మందులు, ఇంజెక్షన్ కూడా ఉంటాయి. మీ అంతట మీరు కొనుక్కుని వేసుకోమని ఇవి చెప్పడం లేదు, డాక్టరు రాసినప్పుడు మూడో రోజుకే బాగుందని ఆపేయకూడదని చెబుతున్నాను.

భర్తకు కూడా అదే రోజు మందు మొదలుపెట్టాలి, అతనికి ఏ బాధా లేకపోయినా సరే. గడిచిన అరవై రోజుల్లో సంబంధం ఉన్న ఎవరికైనా ఇదే వర్తిస్తుంది. ఏడు రోజులూ ఇద్దరూ దూరంగా ఉండాలి. చాలా ఇళ్లలో ఇక్కడే తప్పిపోతుంది. భార్య మాత్రలు వేసుకుంటుంది. భర్త 'నాకేమైంది' అంటాడు. ఆమెకు నయమవుతుంది, నెల తిరక్కుండా మళ్లీ సోకుతుంది. లుండ్ లెక్కలో ఎనిమిది ఇరవై కావడం, ఇరవై నలభై కావడం ఇలాగే.

ఇంట్లో గొడవ అవుతుందన్న భయంతో చాలామంది భార్యలు భర్తకు చెప్పరు. భయం నాకు అర్థమవుతుంది. అందుకే ఈ సంగతి భర్తలూ, అత్తమామలూ కూడా వినాలి. క్లమిడియా నెలల తరబడి, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ కాలం ఏ గుర్తూ లేకుండా ఉండగలదు. ఇవాళ పరీక్షలో బయటపడితే అది నిన్న వచ్చిందా, పెళ్లికి ముందే ఉందా, ఇద్దరిలో ఎవరి నుంచి ఎవరికి వచ్చిందా అన్నది ఆ రిపోర్టు చెప్పదు. ఏ డాక్టరూ చెప్పలేడు. ఆ కాగితం పట్టుకుని పంచాయితీ పెట్టడానికి అందులో ఏ సాక్ష్యమూ లేదు. చెప్పడం కష్టమనిపిస్తే భర్తను డాక్టరు దగ్గరికి తీసుకురండి, మేం చెబుతాం. ఆ మాట చెప్పడం కూడా మా పనిలో భాగమే.

మందు అయిపోయిన మూడు నెలలకు ఇద్దరూ మరోసారి పరీక్ష చేయించుకోండి. పరీక్ష అందని ఊళ్లో ఉంటే సురక్ష క్లినిక్‌లో చూపించుకోండి. అక్కడ చెప్పిన వివరాలు బయటికి పోవు. ఎక్కడుందో తెలియకపోతే 1097కు ఫోన్ చేయండి. అది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ నడిపే ఉచిత నంబరు, సుఖవ్యాధుల సందేహాలకు కూడా జవాబిస్తారు, పేరు చెప్పకుండానే మాట్లాడవచ్చు. భర్తలు కూడా చేయవచ్చు.